పేడ బస్సు జలపతి

మా రోడ్డు మీద ఇప్పుడు పొడుగాటి లారీలు పోతుంటాయి. వాటి పక్కన ఆకుపచ్చ అక్షరాలతో సిఎన్‌జి అని రాసి ఉంటుంది. పొగ రాదు, చప్పుడు తక్కువ. మా అల్లుడు వాటిని చూపించి, “డీజిల్ గాదు మామా, గ్యాసు. కొత్తగ అచ్చింది” అని నాకు పాఠం చెబుతాడు. నేను నోరు మూసుకుంటాను. ముప్పై ఏళ్లకు పైగా మూసుకున్న నోరు ఇంకో పూట మూసుకోవడం కష్టమేమీ కాదు. కానీ పోయిన నెల సిరిసిల్లలో లీలను చూశాను. ఆమె నన్ను పాత ప్రశ్నే మళ్లీ అడిగింది. అప్పటి నుంచి అన్నం సయించడం లేదు. అందుకని రాస్తున్నాను.

నా పేరు ఆనందం. పెట్టినవాళ్లకు నా మొహం ముందే చూసే వీలు లేదు కదా, వాళ్లను తప్పుబట్టలేం. కోరుట్ల నుంచి జగిత్యాల పోయే దారిలో, జగిత్యాల ఇంకా పదిహేను కిలోమీటర్లు ఉందనగా మా ఊరు. ఊరి పేరు రాయను. ఆ రోజుల్లో ఏ ఊరని ఎవరు అడిగినా చెప్పేవాళ్లం కాదు. అడిగేది పోలీసులైతే ఒక భయం, అడవిలోంచి వచ్చే అన్నలైతే ఇంకో భయం. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. రోడ్డు పక్కన నాకొక లేతు మిషను ఉండేది. బోరు మోటార్ల షాఫ్టులు, ట్రాక్టరు బుష్షులు కోసి ఇచ్చేవాణ్ణి. ఆ షెడ్డు పక్కనే జలపతి షెడ్డు.

జలపతి డీజిల్ మెకానిక్కు. అల్లుడు కొత్తగా వచ్చిందంటున్న గ్యాసు బండిని 1991లోనే మా ఊళ్లో నడిపినవాడు, అదీ పేడ గ్యాసుతో. అతని ప్రాణం ఒక్క లీటరు డీజిల్ దగ్గర ఆగిపోయింది. ఆ లీటరు నా దగ్గర ఉండింది. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, చివరిదాకా పోతే మళ్లీ ధైర్యం చాలదేమో.

అతనిది సిరిసిల్ల. తాత చేతి మగ్గం నేశాడు, తండ్రి సాంచెల మీద పనిచేశాడు. సాంచె అంటే పవర్‌లూము. ఆ షెడ్లలో పుట్టి పెరిగినవాడికి చెవులు దొబ్బుతాయి, ఊపిరితిత్తుల్లో దూది చేరుతుంది. జలపతికి దగ్గు చిన్నప్పుడే వచ్చింది. అయితే వాడి కళ్లు బట్ట మీద కాక సాంచె మోటారు మీద ఉండేవి. జగిత్యాల లారీ షెడ్లలో పని నేర్చి, అక్కడి నుంచి దోహా పోయాడు. కోరుట్ల దిక్కు ఇబ్రహీంపట్నం వాళ్లతో కలిసి ఒకే గదిలో పన్నెండు మంది. అక్కడ కరెంటు పుట్టించే ఇంజన్లు భూమిలోంచి వచ్చే గ్యాసుతో తిరిగేవట. డీజిల్ ఇంజన్నే కొంచెం మార్చి గ్యాసు తాగించడం అక్కడ చూశాడు. చూసింది మర్చిపోయే మనిషి కాదు. ఐదేళ్లకు వాపసు వచ్చేటప్పుడు అందరూ టేపురికార్డర్లు తెచ్చుకుంటే వీడు ఒక పాత గ్యాసు వాల్వు తెచ్చుకున్నాడు. చెకింగులో అదేమిటని అడిగితే చెప్పడానికి గంట పట్టిందట.

నాకు పరిచయమైన మొదటి రోజే అడిగాడు. “బావా, నీ లేతు కింద పడ్డ ఇనుప పొట్టు నాకిస్తవా?”

బావ అనే చుట్టరికం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. నేను వడ్లాయనను, అంటే వడ్రంగిని, అతను పద్మశాలి. కానీ మా దగ్గర నోటితో కలుపుకుంటే అదే చుట్టరికం. “పొట్టు ఏం జేసుకుంటవ్, ఉప్మా వండుకుంటవా?” అన్నాను.

“పేడ గ్యాసుకు కంపు ఉంటది. ఇనుప పొట్టు నడుమకెల్లి పోతే గా కంపంత పొట్టుకే అంటుకుంటది. ఇంజను పాడుగాదు.”

పిచ్చోడనుకున్నాను. మా ఊరి చివర బ్లాకు ఆఫీసోళ్లు కట్టించి వదిలేసిన గోబర్ గ్యాసు తొట్టి ఒకటి ఉండేది. కప్పలు కాపురం పెట్టాయి అందులో. ఈ పిచ్చోడు కప్పల్ని ఖాళీ చేయించి, ఇనుప డోముకు పడ్డ చిల్లులు వెల్డింగు పెట్టించి, పేడ నింపాడు. అన్నలు బంద్ నాడు తగలబెట్టిన ఒక బస్సు ఇంజను ఇనుప సామాను కింద వేలానికి వస్తే పట్టుకొచ్చి నా లేతు మీదే దాన్ని బాగు చేసుకున్నాడు. పెళ్లిళ్లకు కిరాయికి తిరిగి తిరిగి మూలకు పడ్డ చిన్న బస్సులో దాన్ని బిగించాడు. ఇక గ్యాసును బస్సు మీద మోసుకుపోవడం మిగిలింది. దోహాలో పైపు ఉంది, ఇక్కడ ఏముంది?

అక్కడ లీల వచ్చింది. లీల అతని భార్య, సిరిసిల్ల పిల్లే. పుట్టింటి నుంచి కోరా బట్ట తానులు తెప్పించింది. మూడు పొరలు, పొరకూ పొరకూ మధ్య పంక్చర్లు అతికే రబ్బరు సొల్యూషను పూసి, కుట్టు మిషను మీద గది అంత సంచి కుట్టింది. ఆ వాసనకు ఆమెకు రోజూ తల తిరిగేది. కుట్టు వెంబడి సబ్బు నీళ్లు పూసి, బుడగ లేస్తే ఆ చోట మళ్లీ కుట్టేది. ఎన్నిసార్లు విప్పిందో, ఎన్నిసార్లు కుట్టిందో! నన్ను అన్నా అని పిలిచేది. మొగుడికి బావనైతే ఆమెకు అన్ననే కదా. “నా కుట్టు ఊడదన్నా. ఊడితే ఇగ జన్మల మిషను ముట్ట” అనేది. ఆ సంచిని బస్సు నెత్తిన కట్టి, రబ్బరు గొట్టంతో కిందికి, ఇంజను గాలి పీల్చే చోటుకు కలిపారు. నింపితే అది కడుపుతో ఉన్న బర్రెలా ఉండేది. ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ నవ్వు జనవరిలో ఆగిపోయింది. అక్కడ గల్ఫ్‌లో యుద్ధం మొదలైంది, ఇక్కడ బంకులు మూతపడ్డాయి. మగవాళ్లంతా గల్ఫ్‌కు పోయిన ఇబ్రహీంపట్నంలో ఇంటింటా ఆడవాళ్లు రేడియో ముందు కూచుని ఏడుస్తుంటే, మా రోడ్డు మీద లారీలు ఎక్కడివక్కడ నిలబడిపోయాయి. కూపన్ ఉన్నవాడికి ఐదు లీటర్లు, లేనివాడికి మొండిచెయ్యి. సర్కారు బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అప్పుడు కదిలింది జలపతి బస్సు. పెగడపల్లి దిక్కు నుంచి, మల్యాల దిక్కు నుంచి కూడా జనం చూడటానికి వచ్చారు.

టికెట్టు లేదు. గంప పేడకు ఒక సీటు. పొద్దున్నే తొట్టి దగ్గర గంపలతో వరుస కట్టేవాళ్లు. పోశవ్వ అనే ముసలామె రోజూ మొదట నిలబడేది, ఆమెకు జగిత్యాల దవాఖానలో కంటికి వైద్యం నడుస్తోంది. “నా బర్రె మంచిగ మేసింది కొడుకా, ఇయ్యాల నన్ను ముంగటి సీట్ల కూసోబెట్టు” అని పేచీ పెట్టేది. జలపతి ఆ పదిహేను ఇరవై రోజులే బతికాడని నాకు అనిపిస్తుంది. దగ్గు కూడా తగ్గింది. బస్సు వెనకాల పెయింటరుతో పెద్ద అక్షరాలు రాయించాడు: “చుక్క డీజిల్ లేదు. గంప పేడ చాలు.” పాత డీజిల్ ట్యాంకు విప్పి షెడ్డు ముందర తీగకు వేలాడదీశాడు, అందరికీ కనబడేటట్టు.

అక్కడే తప్పు చేశాడు. అది నిజం కాదు.

డీజిల్ ఇంజనులో నిప్పు పెట్టే ప్లగ్గు ఉండదు. డీజిల్ ఒత్తిడికి దానంతటదే అంటుకుంటుంది. గ్యాసు అట్లా అంటుకోదు. దానికి కొంచెం డీజిల్ తోడు ఉండాల్సిందే. జలపతే నాకు చెప్పాడు: “పొయ్యిల కట్టెలన్ని గ్యాసే బావా. అగ్గిపుల్ల మాత్రం డీజిల్. పుల్ల లేకుంటే ఎన్ని కట్టెలుంటె ఏంది?” మూడు వంతులు గ్యాసు, ఒక వంతు డీజిల్. డ్రైవరు సీటు కింద ఒక నెయ్యి డబ్బా బిగించాడు, రెండు లీటర్లది. ఆ వంతు డీజిల్ అందులోంచి వచ్చేది.

“మరి చుక్క లేదని ఎందుకు రాయించినవ్?” అని కోప్పడ్డాను.

“కొంచెం పడ్తదంటె జనం నమ్ముతరా? డీజిల్‌తోనే నడిపిస్తుండు, పేడ ఊకెనే గుంజుకుంటుండు అంటరు. రేపటికెల్లి గంప తేరు. తొట్టి ఎండుతది.”

ఆ డబ్బా సంగతి ఇద్దరికే తెలుసు. లీలకు కూడా చెప్పలేదు. పేడ తెచ్చే ఆడవాళ్లతో రోజంతా మాట్లాడేది ఆమే, నోరు జారుతుందని అతని భయం. ఆ డీజిల్ నేను ఇచ్చేవాణ్ణి. రోజూ పొద్దున బస్సు కదిలే ముందు లేతు కింద దాచిన నీలం డబ్బాలోంచి ఒక లీటరు తెచ్చి పోసేవాణ్ణి.

“ఎక్కడిది బావా?” అని ఒకసారి అడిగాడు.

“కోరుట్లల కూపన్ మీద తెచ్చిన. నాకు జెనరేటర్ ఉన్నది గదా” అన్నాను.

అది కూడా నిజం కాదు. జనవరి ఆఖర్లో ఒక సాయంత్రం అన్నలు రోడ్డు మీద డీజిల్ ట్యాంకరును ఆపి, డ్రైవరును దింపి, నల్లా విప్పి జనాన్ని పట్టుకుపొమ్మన్నారు. బిందెలు, బకెట్లు, ఆఖరికి కూర గిన్నెలు కూడా పట్టుకొని జనం ఉరికారు. నేను రెండు డబ్బాలు నింపుకున్నాను. భయంతో కాదు, అన్నల మీద ప్రేమతో కాదు. అందరూ పట్టుకుంటుంటే నేను పట్టుకున్నాను, అంతే. మర్నాటి నుంచి పోలీసులు ఇళ్లిళ్లూ సోదా చేశారు. పక్క ఊళ్లో ఒక బిందె దొరికినవాణ్ణి తీసుకుపోతే, వారం తర్వాత అతను నడవలేక మంచం మీద వచ్చాడు. నేను ఒక డబ్బా పాడుబడ్డ బావిలో పారబోశాను. రెండోది పారబోయడానికి మనసు రాలేదు. జలపతికి రోజూ లీటరు కావాలి కదా అని నన్ను నేను సమాధానపరచుకున్నాను. నేనేదో త్యాగం చేస్తున్నట్టు.

ట్యాంకరు పోయిన పద్దెనిమిదో రోజు పొద్దున ఎనిమిదింటికి, నేను నీలం డబ్బా మూత తీయబోతుంటే, జీపు వచ్చి బస్సు ముందర ఆగింది. ఎస్సై, నలుగురు కానిస్టేబుళ్లు. నేను డబ్బాను మళ్లీ లేతు కిందికి తోసేసి, చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాను.

ఎస్సై మా దిక్కు మనిషి కాదు. చిన్న వయసు. బస్సు చుట్టూ తిరిగి వెనకాల రాసింది పైకి చదివాడు. “ఎవడ్రా దీని ఓనరు?”

“నేనే సార్. జలపతి.”

“ఈ చుట్టుపక్కల బండ్లన్నీ ఆగిపోయాయి. నీదొక్కటే తిరుగుతోంది. అన్నలు ఎన్ని డబ్బాలిచ్చారు?”

“అన్నలతోని నాకేం పని సార్? గిది గ్యాసు బండి. గా తొట్టి సూడుండ్రి.”

“డీజిల్ అసలు వాడవా?”

ఇక్కడ జలపతి నా వైపు చూశాడు. అతని లెక్కలో ఆ డీజిల్ కూపన్‌ది, కడిగిన ముత్యంలాంటిది. కొంచెం పడుతుంది సార్, ఈయన కూపన్ మీద తెచ్చిస్తాడు అంటే సరిపోయేది. వాళ్లు బంకులో అడిగేవాళ్లు. బంకులో నా పేరు మీద ఒక్క లీటరు కూడా రాసి లేదు. నేను తల కొంచెం, ఎవరికీ తెలియనంత, అడ్డంగా ఊపాను. తర్వాత నేల చూశాను. మళ్లీ తలెత్తేసరికి అతను ఇంకా నన్నే చూస్తున్నాడు, నడుస్తున్న ఇంజనులో ఏదో చిన్న చప్పుడు విన్నవాడిలాగ. ఎక్కడిదో అర్థమైపోయింది అతనికి.

“లేదు సార్” అన్నాడు. “చుక్క గూడ లేదు.”

ఆ మాట నాకోసం అన్నాడు. ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నా ఇంకో అర్థం దొరకలేదు నాకు.

“అయితే నడిపించు. నడిస్తే వదిలేస్తాను. ఆగితే నీ సంగతి వేరే ఉంటుంది.”

సీటు కింద డబ్బాలో నిన్నటిది ముప్పావు లీటరు మిగిలి ఉంది. అది అతనికీ నాకూ తెలుసు. అతను ఎక్కి సెల్ఫు కొట్టాడు. మాఘమాసపు చలికి ఇంజను రెండుసార్లు మూలిగి, మూడోసారి అందుకుంది. జనం ఈల వేశారు. పోశవ్వ గంప నెత్తిన పెట్టుకునే ముందుకొచ్చి, “నా బర్రె పేడనే సారూ గది!” అంది. కానిస్టేబుళ్లు నవ్వారు. ఎస్సై కూడా నవ్వాడు, నిజంగానే నవ్వాడు. వంగి ట్యాంకు ఉండాల్సిన చోటు చూశాడు, ఖాళీ. వేలాడుతున్న ట్యాంకును కర్రతో కొట్టి చూశాడు, ఖాళీ చప్పుడు. అతని మొహంలో అనుమానం కరిగిపోవడం నేను కళ్లారా చూశాను. అప్పుడే ఆపి ఉంటే అంతా అయిపోయేది.

కానీ అతనికి హుషారు పుట్టింది. వైర్‌లెస్సులో జగిత్యాలలో ఉన్న పెద్ద సారుతో మాట్లాడాడు. పెద్ద సారు బండిని అక్కడికి తెమ్మన్నాడట, తన కళ్లతో చూస్తాడట. “టీ తాగి పోదాం. ఇంజను మాత్రం ఆపకు. ఆపితే మళ్లీ ఏం కలుపుతావో” అన్నాడు నవ్వుతూనే.

కదలకుండా ఆడే ఇంజను గ్యాసు కంటే డీజిలే ఎక్కువ తాగుతుంది. టీ రావడానికి, తాగడానికి, బీడీలు కాల్చడానికి అరగంట పట్టింది. జలపతి సీట్లో కూచుని స్టీరింగు మీద వేళ్లతో తాళం వేస్తున్నాడు. ఆ చలిలో అతని మెడ మీద చెమట. లీల బస్సెక్కి సంచి కుట్లన్నింటికీ సబ్బు నీళ్లు పూసి దిగింది. కిటికీ దగ్గరికొచ్చి, “ఒక్క బుడగ గూడ లేస్తలేదు. భయపడకు, మంచిగ పోయిరా” అంది. ఆమె సంచి గురించే భయపడుతోంది. ఆమెకు తెలిసిన భయం అదొక్కటే.

అప్పుడు జలపతి నన్ను పిలిచాడు, అందరికీ వినబడేటట్టు. “బావా! రేడియేటర్ల నీళ్లు తక్కువైనట్టున్నయ్. నీ లేతు కింద నీలం డబ్బ ఉన్నది గదా, గది పట్టుకరా. నేను పోసుకుంట.”

రేడియేటరు మూత అతని సీటు పక్కనే బానెట్టు కింద ఉంటుంది. సీటు కింద నెయ్యి డబ్బా. నీలం డబ్బా చేతికిస్తే ఎవరి కంటా పడకుండా ఎందులో పోసుకోవాలో అతను చూసుకుంటాడు. ఇంతకంటే విడమరచి ఎవడూ అడగలేడు.

షెడ్డులోకి పోయాను. గుమ్మం ముందు నా స్టూలు మీదే ఒక కానిస్టేబులు కూచుని బీడీ కాలుస్తున్నాడు, ఒళ్లో తుపాకి. లేతు కింద చెయ్యి పెట్టి నీలం డబ్బా పట్టుకున్నాను. మూత దగ్గర తడి. వాసన గుప్పుమంది. ఆ మనిషిని దాటి పోవాలి, నాలుగడుగులు. డీజిల్ వాసన పసిగట్టడానికే వాళ్లను పద్దెనిమిది రోజులుగా ఊళ్ల మీద తిప్పుతున్నారు. పక్క ఊరివాడు మంచం మీద వచ్చిన తీరు కళ్ల ముందు కదిలింది. డబ్బా లేతుకు తగిలి చప్పుడైంది. కానిస్టేబులు తల తిప్పాడు.

“ఏందది?”

“నీళ్లు సార్” అన్నాను.

నీలం డబ్బా వదిలేశాను. పక్కన తెల్ల డబ్బాలో, లేతు మీద పోసే నీళ్లున్నాయి. అది పట్టుకొచ్చాను.

జలపతి అందుకున్నాడు. రంగు చూసే ఉంటాడు, అయినా మూత తీసి వాసన చూశాడు. నా మొహం చూడలేదు. రేడియేటరు మూత విప్పి పోయసాగాడు. అది నిండుగానే ఉంది. నీళ్లు పొంగి అతని పాదాల మీద, కింద రేకు మీద పారాయి. డబ్బా మొత్తం ఒంపేదాకా పోస్తూనే ఉన్నాడు. తర్వాత ఖాళీ డబ్బా నా చేతికిచ్చి, “సాలు బావా” అన్నాడు.

“నీళ్లోడా, నువ్వూ ఎక్కు. దారిలో మళ్లీ కావాలేమో” అన్నాడు ఎస్సై.

పదిహేను కిలోమీటర్లు. ఎస్సై ముందు సీట్లో, ఇద్దరు కానిస్టేబుళ్లు మధ్యలో, నేను బానెట్టు పక్కన, జీపు వెనకాల. జలపతి చాలా నెమ్మదిగా పోనిచ్చాడు. దిగుడు వస్తే గేరు తీసేసేవాడు, ఎక్కుడు వస్తే బతిమాలుతున్నట్టు తొక్కేవాడు. పసుపు ఉడకబెడుతున్న కళ్లాల మీదుగా, మక్క చేన్ల మీదుగా పోతున్నాం. ఎస్సై సంతోషంగా ఉన్నాడు. ఇట్లాంటి బండి ఠాణాకొకటి ఉంటే బాగుండు అంటున్నాడు. సారుతో చెప్పి అవార్డు ఇప్పిస్తానన్నాడు. జలపతి “సరే సార్” అంటున్నాడు. నాకు ఇంజను చప్పుడు తప్ప ఏమీ వినబడటం లేదు. దేవుడా, కొండగట్టు అంజన్నా, ఈ మూడు కిలోమీటర్లు, ఈ రెండు కిలోమీటర్లు అని మొక్కుతూనే ఉన్నాను. జేబులో ఉన్న చేతివేళ్లకు డీజిల్ జిడ్డు అంటుకుని ఉంది.

జగిత్యాల మూడు కిలోమీటర్లు అని రాసిన రాయి దాటిన తర్వాత ఇంజను ఒకసారి తడబడింది. మళ్లీ తడబడింది. జలపతి ఒక్కసారి కళ్లు మూసి తెరిచాడు. బండి ఇంకో వంద గజాలు దానంతటదే దొర్లి ఆగింది.

“ఏమైంది? గ్యాసు అయిపోయిందా?”

ఒక కానిస్టేబులు వెనక నిచ్చెన ఎక్కి సంచిని చేతులతో అదిమి చూశాడు. “సంచిల గ్యాసు ఇంక సగానికి మీదనే ఉన్నది సార్” అని అరిచాడు.

ఎస్సై నవ్వు అక్కడ ఆగింది. “అంత గ్యాసుంటే ఎందుకాగింది?” అని నెమ్మదిగా అడిగాడు. రెండోవాడు సీటు లేపాడు. నెయ్యి డబ్బా, దాన్నుంచి రాగి పైపు. వేలు పెట్టి వాసన చూసి ఎస్సైకి చూపించాడు. జనం ముందు, పెద్ద సారు ముందు తను ఎంత వెర్రివాడయ్యాడో ఎస్సైకి అప్పుడు అర్థమైంది. అనుమానంతో వచ్చినవాడైతే కొట్టి వదిలేవాడేమో. నమ్మి మోసపోయానని అనుకున్నవాడి కోపం అది.

“ఎక్కడిది? ట్యాంకరుదేనా?”

నేను నోరు తెరిచాను. తెరిచాననే అనుకుంటున్నాను. జలపతి నాకంటే ముందు చెప్పాడు. “నేనే పట్టుకున్న సార్ ట్యాంకరు కాడ. అయిపోయింది, ఇంకేం లేదు.” ఎస్సై నా వైపు తిరిగాడు. జలపతి మళ్లీ అన్నాడు, “ఆయినెకేం ఎరుకలేదు సార్. లేతు పని జేస్కునేటాయినె. నీళ్లు పోయనీకె అచ్చిండు.”

నన్ను అక్కడే దింపేశారు. అతన్ని జీపు ఎక్కించారు. ఎక్కేటప్పుడు దగ్గు తెర వచ్చి, వంగి, జీపు రేకు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. అదే ఆఖరు. నాలుగో రోజు పేపర్లో, అడవిలో ఎదురుకాల్పులు జరిగాయని, ఒక తీవ్రవాది చనిపోయాడని, ఒక తపంచా దొరికిందని నాలుగు లైన్లు వచ్చాయి. జలపతి జన్మలో తపంచా పట్టుకోలేదు. పానాలు పట్టుకున్నాడు, స్క్రూ డ్రైవర్లు పట్టుకున్నాడు. డీజిల్ గురించి అందులో ఒక్క ముక్క లేదు.

బస్సు ఆగిన రోజు పన్నెండు కిలోమీటర్లు నడిచి ఊరికి వచ్చాను. లీల రోడ్డు మీదే నిలబడి ఉంది, చేతిలో ఇంకా సబ్బు నీళ్ల గిన్నె ఉంది. నన్ను ఒక్కణ్ణే చూసి అంతా అర్థం చేసుకుంది. ఒకటే అడిగింది.

“నా కుట్టు ఊడిందా అన్నా?”

కాదంటే మరి ఎందుకు ఆగిందని అడుగుతుంది. డీజిల్ అయిపోయిందంటే ఎక్కడి డీజిల్ అని అడుగుతుంది. ఆ దారి చివర నా లేతు ఉంది.

“ఔ చెల్లె” అన్నాను.

ఆ సాయంత్రమే నీలం డబ్బా కూడా బావిలో పారబోశాను. ఇంకో ఏడు రోజులు బస్సు నడిచేంత ఉంది అందులో.

లీల సిరిసిల్లకు పోయింది. అక్కడ ముప్పై ఏళ్లుగా సాంచెలకు దారం కండెలు చుడుతోంది. చుట్టూ ఆడవాళ్లు లంగాలు కుట్టి నాలుగు రాళ్లు సంపాదించుకుంటుంటే ఈమె మిషను ముట్టలేదు. పోయిన నెల ఒక చావుకు పోయి ఆమెను చూశాను. జుట్టంతా నెరిసింది. చాయ్ ఇచ్చి, ఎదురుగా కూచుని, కొంగుతో చేతులు తుడుచుకుని, ఎప్పుడూ అడిగేదే అడిగింది.

“ఏ పక్క ఊడిందన్నా? ఎడమ పక్కదేనా? గా పక్క దారం సన్నగున్నదని నాకు గప్పుడే అనుమానం. ఇంకో వరుస ఏసేదుండె.”

నేను చాయ్ తాగి లేచి వచ్చేశాను.

లీలా, నీకు చదువు రాదు. ఇది నీకు ఎవరైనా చదివి వినిపించాలి. సంచిలో గ్యాసు ఇంకా సగానికి పైగానే ఉండింది. కానిస్టేబులు అదిమి చూసి చెప్పాడు, నేను విన్నాను. ఎడమ పక్కా ఊడలేదు, కుడి పక్కా ఊడలేదు. నీ కుట్టు ఒక్కటి కూడా ఊడలేదు.